పుంజుపిల్లలు ముదిరాయి, పెరట్లో పంచాయితీ మొదలైంది

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ పుంజుల మీదే. ఆశ్చర్యమేం లేదులెండి, ఎండాకాలం సెలవుల్లో పిల్లలు ముచ్చటపడ్డారని తెచ్చినవి, ఉగాది టైంలో పొదిగించినవి, అన్నీ ఇప్పుడు నాలుగైదు నెలల వయసుకి వచ్చుంటాయి. సరిగ్గా ఆ వయసులోనే తురాయి ఎర్రబడుతుంది, బొంగురు గొంతుతో మొదటి కూత వస్తుంది, ఇంక అక్కణ్ణుంచి రోజూ లొల్లే. ఒకే రకం ప్రశ్నలు కొన్ని కలిపేశాను, ఎవరూ ఏమనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, మా ఇంటి వెనక ఖాళీ జాగాలో ఐదు పెట్టలు, మూడు పుంజులు ఉన్నయి. అన్నీ ఒకే పొదుగులో పుట్టినయే, చిన్నప్పుడు మంచిగనే ఉండేవి. ఇప్పుడు పుంజులు పెట్టల్ని మేత కూడా తిననిస్తలేవు, ఒకటి దిగంగనే ఇంకోటి ఎక్కుతుంది. రెండు పెట్టలకి వీపు మీద ఈకలన్నీ పోయి తోలు కనబడుతుంది, ఒకటైతే పొద్దంతా గోడ మీదనే కూర్చుంటుంది, కిందికే దిగదు. వాటంతట అవే సర్దుకుంటాయా, మేమేమన్నా చేయాలా?
(పాఠకురాలు, బోడుప్పల్)

జవాబు: సర్దుకోవమ్మా. సర్దుకునేలోపు నీ పెట్టల్లో ఒకటో రెండో పోతాయి.

అసలు సంగతి ఏంటంటే ఒకే పొదుగులో పుట్టినా మగవి, ఆడవి ఒకే టైంకి ఎదగవు. పుంజుకి నాలుగైదు నెలలకే తొందర మొదలైపోతుంది, నాటు పెట్ట గుడ్డుకి రావడానికి ఆరేడు నెలలు పడుతుంది. ఆ మధ్యలో ఉన్న రెండు మూడు నెలలే అసలు గండం. ఎదిగిన పెట్ట అయితే పుంజు దగ్గరకి రాగానే తనే వంగి కూర్చుంటుంది, రెక్కలు కొంచెం పక్కకి పెట్టి వీపు చదును చేసిస్తుంది, పుంజు తొక్కి దిగడం రెండు మూడు సెకన్ల పని, ఎవరికీ దెబ్బ తగలదు. ఎదగని పెట్ట వంగదు, పారిపోతుంది, పుంజు వెంటపడి మెడ వెనక ఈకలు నోటితో పట్టుకుని లాగి పడేసి ఎక్కుతుంది, ఇంకా కాళ్ల మీద బ్యాలెన్స్ రాని వయసు కాబట్టి గోళ్లు వీపులో దిగుతాయి. ఇంటర్ పోరగాళ్ల చేతికి కొత్త బండి ఇచ్చినట్టే ఉంటుంది ఆ నెలల్లో వాటి యవ్వారం.

దానికి తోడు నీ దగ్గర లెక్క తప్పింది. ఒక పుంజుకి ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలని అనుభవమున్న వాళ్లెవరైనా చెప్తారు. నీకున్న ఐదింటికి ఒక్కటే ఎక్కువ, మూడంటే ఇంక ఆ పెట్టలకి ఊపిరాడదు. ఊళ్లల్లో అయితే మందలో ఒక ముదురు పుంజు ఉంటుంది, కుర్ర పుంజు పెట్ట మీద చెయ్యేస్తే అది ఉరికొచ్చి నాలుగు తన్నులు తన్ని నేర్పిస్తుంది, పెద్ద పెట్టలు కూడా ముక్కు మీద పొడిచి బుద్ధి చెప్తాయి. మనం సిటీలో అన్నీ ఒకే వయసువి తెచ్చి పెంచుతాం కదా, చెప్పేవాళ్లే లేరు వాటికి.

కాబట్టి ఇవాళే రెండు పుంజుల్ని తీసేయ్. అమ్ముతావా, కూర చేస్తావా, వేరే గూట్లో పెడతావా నీ ఇష్టం, పెట్టల మధ్యలో మాత్రం ఉండొద్దు. మిగిలిన ఒక్కదాన్ని కూడా పెట్టలు గుడ్డుకి వచ్చేదాకా పక్కన జాలీ కట్టి ఉంచు, ఒకటినొకటి చూసుకుంటూ ఉంటాయి గానీ తొక్కడానికి వీలుండదు, సాయంత్రం నువ్వు అక్కడే ఉన్నప్పుడు ఒక గంట కలిపి వదిలితే చాలు. పెట్ట గుడ్డుకి వచ్చేది నీకే తెలిసిపోతుంది, తురాయి ఎర్రగా అవుతుంది, నువ్వు వీపు మీద చెయ్యి పెడితే టక్కున వంగి కూర్చుంటుంది.

తోలు కనబడుతున్న పెట్టల్ని పట్టుకుని రెక్కల కింద పక్కటెముకల దగ్గర తప్పకుండా చూడు. వీపు మీద గీతలు పైకి కనబడతాయి, రెక్క కింద పుంజు గోరుకి చీరుకుపోయిన తోలు ఈకల్లో దాగిపోతుంది, వానాకాలం అందులో ఈగ వాలిందంటే రెండ్రోజుల్లో పురుగులు పడతాయి. చిన్న గీత అయితే పోవిడోన్ అయోడిన్ ఆయింట్‌మెంట్ చాలు, లోతుగా చీరితే పశువుల దవాఖానకి తీసుకుపో. గాయమున్న పెట్టని మానేదాకా విడిగా ఉంచు, ఎర్రగా కనబడితే మిగతా పెట్టలు కూడా అక్కడే పొడుస్తాయి. వీపు మీద ఈక మొదలంటా ఊడిన చోట కొన్ని వారాల్లో కొత్తది వస్తుంది గానీ, సగం విరిగి పుల్ల మిగిలిన చోట మళ్లీ ఈకలు రాల్చే సీజన్ దాకా రాదు, కంగారుపడకు. అప్పటిదాకా పాత జీన్స్ గుడ్డ ముక్క వీపుకి సరిపడా కత్తిరించి రెక్కల కింద నుంచి రెండు ఎలాస్టిక్‌లు వేసి తొడిగేవాళ్లున్నారు, పనిచేస్తుంది, కాకపోతే రోజూ తీసి చూడాలి, లోపల పేలు చేరతాయి.

ప్రశ్న: నమస్తే మేడం. నా దగ్గర నాలుగు పుంజులు, పన్నెండు పెట్టలు. ఒక్క పుంజునే ఉంచుకుందామని డిసైడ్ అయ్యాం. మా తమ్ముడేమో అన్నిటినీ కొట్టి గెలిచేదాన్నే ఉంచాలి అంటున్నాడు, అదే అన్నిటికన్నా పెద్దగా, రంగు కూడా బాగుంటుంది. పొద్దున లేస్తే అవి కొట్టుకుంటూనే ఉంటాయి, విడదీయాలా వద్దా?
(పాఠకుడు, నాగోల్)

జవాబు: మీ తమ్ముడు పుంజుని పందెం కళ్లతో చూస్తున్నాడండి, మీరు పెట్టల కళ్లతో చూడండి.

ముందు కొట్లాట సంగతి. కోళ్లల్లో ఎవరు పెద్ద, ఎవరు చిన్న అన్న వరస ఒకటుంటుంది, మేత దగ్గర ఎవరు ముందు, రాత్రి కర్ర మీద పై చోటు ఎవరిది అన్నీ దాని ప్రకారమే. నార్వేకి చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె అనే ఆయన పిల్లాడిగా ఉన్నప్పటి నుంచి కోళ్లను గమనించి రాసుకుని 1920ల మొదట్లోనే దీని మీద సిద్ధాంత గ్రంథం రాశాడు, ఇప్పటికీ అందరూ చెప్పేది ఆయన చూసిందే. ఆ వరస తేలేదాకా కొట్టుకుంటాయి, తేలాక చిన్నది పెద్దదానికి దారిచ్చేస్తుంది, అంతే. మీరు ప్రతిసారీ మధ్యలో దూరి విడదీస్తే తేలాల్సింది తేలక రేపు మళ్లీ మొదటి నుంచి మొదలెడతాయి. ఎదురెదురు నిలబడి మెడ ఈకలు లేపి రెండు మూడు సార్లు ఎగిరి తన్నుకుని ఒకటి తప్పుకుంటే వదిలేయండి. రక్తం కారుతున్నా, ఓడింది పారిపోవడానికి చోటు లేక మూలన ఇరుక్కున్నా, కంటి దగ్గర పొడుస్తున్నా అప్పుడు తీయాలి. చోటు అనేది చాలా ముఖ్యం, ఒక్కో కోడికి గూట్లో నాలుగు చదరపు అడుగులు, బయట తిరగడానికి పది అయినా లేకపోతే ఓడినదానికి తప్పించుకునే వీలే ఉండదు. మేత గిన్నెలు, నీళ్ల గిన్నెలు ఒక్క చోటే కాకుండా రెండు మూడు చోట్ల పెట్టండి, మధ్యలో పాత డ్రమ్మో రెండు పలకలో అడ్డంగా పెడితే ఒకటికి ఇంకొకటి కనబడకుండా ఉంటాయి, సగం కొట్లాట అక్కడే తగ్గుతుంది.

ఇంక ఎంపిక. పుంజుల్లో గెలిచేది పెట్టలకి మంచిదే అవ్వాలని రూలేం లేదు. ఒక సెలవు రోజు కుర్చీ వేసుకుని కూర్చుని కొన్ని జొన్నలు చల్లి చూడండి. మంచి పుంజు గింజ కనబడగానే తను మింగేయదు, నోట్లోకి తీసుకుని కింద వేసి మళ్లీ తీసి, కుక్ కుక్ మని పిలుస్తుంది, పెట్టలు వచ్చి తిన్నాక మిగిలింది తింటుంది. తొక్కాలనుకున్నప్పుడు వెనక నుంచి మీద పడదు, ఒక రెక్క నేలకి జార్చి పెట్ట చుట్టూ పక్కగా అడుగులేస్తుంది, పెట్ట పక్కకి తప్పుకుంటే ఊరుకుంటుంది. పైన గద్ద తిరిగితే తల పక్కకి వంచి ఒక కన్ను ఆకాశం మీద పెట్టి అరుస్తుంది, పెట్టలన్నీ చెట్టు కిందికి పరిగెత్తుతాయి. ఈ మూడు లక్షణాలు నాలుగైదు నెలల వయసులో పూర్తిగా రావు కానీ ఛాయలు కనబడతాయి. గింజ పిలుపు నేర్చుకుంటున్న పుంజు అప్పుడప్పుడు ఏమీ లేకపోయినా ఉత్తుత్తిగా పిలిచి పెట్ట దగ్గరకి రాగానే ఎక్కుతుంది, అది మోసమే, కానీ పిలవడం వచ్చిందంటేనే సగం మంచిదన్నట్టు.

నా ఓటు ఎప్పుడూ రెండో నంబర్ పుంజుకే. అన్నిటినీ కొట్టేది ఒద్దు, అందరి చేతా దెబ్బలు తిని మూలన కూర్చునేదీ ఒద్దు, కొట్లాటకి పోకుండా మేత దగ్గర పెట్టల మధ్య తిరిగేదాన్ని చూసుకోండి. పైదాన్ని తీసేసిన రోజే మిగతావాటి గుణం మారుతుంది కాబట్టి తీసేశాక ఒక రెండు వారాలు ఆగి అప్పుడు మిగిలినవాటిలో చివరి నిర్ణయం తీసుకోండి. రంగుదేముందండీ, పెట్టలు రంగు చూసి గుడ్లు పెట్టవు.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు. మా పుంజుని పిల్ల అప్పటి నుంచి వాడే ఒళ్లో పెట్టుకుని పెంచాడు, భుజం మీద కూర్చోబెట్టుకునేవాడు. ఇప్పుడు అదే పుంజు వాడు గేటు తీసి లోపలికి వస్తే చాలు ఎగిరి తంతోంది. మొన్న మోకాలి కింద గీరుకుపోయింది. మా ఆయన చీపురుతో కొడితే ఇంకా రెచ్చిపోతోంది. అంత ప్రేమగా పెంచితే ఇలా ఎందుకు చేస్తోంది?
(పాఠకురాలు, అల్వాల్)

జవాబు: ప్రేమగా పెంచారు కాబట్టే చేస్తోంది, వినడానికి బాధగా ఉంటుంది గానీ నిజం. చేతుల్లో పెరిగిన పుంజుకి మనిషంటే భయం ఉండదు. ఒంట్లో వేడి పుట్టే వయసు వచ్చేసరికి దాని లెక్కలో మీ బాబు మనిషి కాదు, మందలో ఇంకో పుంజు, అదీ తనకంటే కొంచెమే ఎత్తున్న పుంజు. పెద్దవాళ్ల జోలికి రాకుండా పిల్లల మీదికి పోయేది అందుకే.

మొదటి మాట, ఈ సంగతి తేలేదాకా బాబుని ఒంటరిగా పెరట్లోకి పంపొద్దు, పక్కన మీరున్నా సరే పుంజు బయట తిరుగుతుంటే వద్దు. ఆరేళ్ల పిల్లాడి కళ్లు పుంజు ఎగిరే ఎత్తులోనే ఉంటాయి. గీరుకుపోయిన చోట సబ్బు నీళ్లతో బాగా కడగండి, పుంజు కాలి వెనకుండే ముల్లు లోతుగా గుచ్చుకుంటే డాక్టర్‌కి చూపించి టీటీ సంగతి అడగండి, కోళ్ల దొడ్డి మట్టి కదా.

పెద్దవాళ్లు చేయాల్సింది ఇది. పుంజు మీదికి వచ్చే ముందు సైగలు ఇస్తుంది, పక్కకి తిరిగి ఒక రెక్క జార్చి అడుగులేయడం, మీ కాళ్ల ముందు నేలని ఊరికే పొడవడం, మెడ ఈకలు గొడుగులా లేపడం. అవి చూసి మీరు వెనక్కి అడుగేస్తే అది గెలిచినట్టు, పరిగెత్తితే ఇంక రోజూ వస్తుంది. కొడితే మీరు కొట్లాటకి ఒప్పుకున్నట్టు, అందుకే చీపురు దెబ్బకి రెచ్చిపోతోంది. ఈ రెండూ కాకుండా నిలబడండి, ఒక ప్లాస్టిక్ తట్టో పలకో కాళ్ల ముందు అడ్డం పెట్టుకుని నెమ్మదిగా దాని వైపే నడవండి, అది పక్కకి తప్పుకునేదాకా నడవండి, తప్పుకోగానే ఆగి మీ పని మీరు చూసుకోండి. ప్యాంటు, మూసి ఉండే చెప్పులు వేసుకోండి, పుంజుకి దాని పెట్టలకి మధ్య నుంచి నడవకండి, అది ఎక్కిన పెట్టని దాని కళ్లముందే ఎత్తుకోకండి. కొందరు పుంజుని నేలకి అదిమి పట్టి మెడ వంచుతారు, అది నాకు నచ్చదు, భయపెట్టినట్టే గానీ నేర్పినట్టు కాదు. దానికంటే చీకటి పడ్డాక కర్ర మీద నుంచి మెల్లిగా తీసి చంకలో పెట్టుకుని ఒంట్లో బిగువు తగ్గేదాకా అటూ ఇటూ నడిచి దించడం నయం, రోజూ చేస్తే కొన్నింటికి పనిచేస్తుంది.

కాలి వెనక ముల్లు చివర మొనదేలుతుంటే గోళ్ల ఆకురాయితో ఆ మొన మొద్దు చేయండి. మొత్తం కోసేయకండి, పైన గోరులాంటి పొర ఉన్నా లోపల ఎముక, రక్తం ఉంటాయి.

ఏడాది దాటాక కొన్ని పుంజులు చల్లబడతాయి, కొన్ని చల్లబడవు. ఇంట్లో చిన్నపిల్లలుంటే నేనైతే ఏడాది ఆగమని చెప్పను. ఒక నెల పైన చెప్పినట్టు చేసి చూడండి, మార్పు లేకపోతే తీసేయండి. ఎవరికన్నా ఇచ్చేటట్టయితే ఇది తంతుంది అని చెప్పి ఇవ్వండి, వాళ్లింట్లోనూ పిల్లలుంటారు. బాబు ఏడిస్తే ఏడవనీయండి, ఈసారి పెట్టపిల్లని ఇవ్వండి పెంచుకోడానికి.

ప్రశ్న: బజార్లో సైకిల్ మీద రంగు కోడిపిల్లలు అమ్ముతుంటే పాప గోల చేసిందని గులాబీవి, పచ్చవి ఆరు కొన్నాం. నాలుగు బతికాయి. రంగులు పోయి తెల్లగా అయ్యాయి, నాలుగూ పుంజులే! మేం మాంసం తినం, కొయ్యడానికి ఇవ్వడానికి మనసు రావట్లేదు. పెట్టలు లేకుండా నాలుగు పుంజుల్ని ఉంచుకోవచ్చా?
(పాఠకురాలు, మల్కాజ్‌గిరి)

జవాబు: నాలుగూ పుంజులే అవ్వడం మీ అదృష్టం బాగోక కాదమ్మా. గుడ్ల ఫారాలకి పిల్లలు సప్లై చేసే హ్యాచరీల్లో పుట్టిన రోజే ఆడవి, మగవి వేరు చేస్తారు. ఆ జాతి మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికి బ్రాయిలర్‌లా పెరగదు, అందుకే అవి చవగ్గా బయటికి వచ్చేస్తాయి, వాటికే రంగులద్ది బజార్లో అమ్ముతారు. రంగు పిల్లలు కొన్నవాళ్లందరికీ దాదాపు పుంజులే మిగిలేది అందుకే. పాపకి ఈసారి కోడిపిల్లలు కావాలంటే రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ ఉంది, పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి రకాలు తయారుచేసింది వాళ్లే, అక్కడ ముందుగా అడిగి చూడండి. అవి కూడా ఆడ మగ కలిపే వస్తాయి, కాకపోతే దాదాపు సగం పెట్టలు దొరుకుతాయి.

ఇంక మీ నాలుగింటి సంగతి. ఉంచుకోవచ్చు, మీరనుకున్నంత కష్టం కూడా కాదు. పుంజులు ఎక్కువగా తన్నుకునేది పెట్టల కోసం. పెట్ట అన్నదే కనబడకుండా, పక్కింటి పెట్టల అరుపు కూడా పెద్దగా వినబడకుండా ఉంటే కలిసి పెరిగిన పుంజులు చిన్న చిన్న గొడవలతో సర్దుకుపోతాయి. ఒక్కటే జాగ్రత్త, వాటిల్లో ఏ ఒక్కదాన్నీ వారం పది రోజులు విడిగా పెట్టి మళ్లీ కలపకండి, తిరిగొచ్చినదాన్ని కొత్త పుంజులా చూసి మీద పడతాయి. జబ్బు చేసి తీయాల్సి వస్తే జాలీ అవతలే కనబడేటట్టు పెట్టండి. పాప జాలిపడి ఒక పెట్టని తెద్దాం అంటే మాత్రం అస్సలు ఒప్పుకోకండి, ఆ పెట్ట ప్రాణం మీదికి వస్తుంది. నాలుగు కూతలకి పక్కింటివాళ్లు ఏమంటారో అది మీకే తెలియాలి, కింద ప్రశ్న అదే.

ప్రశ్న: మాది డాబా మీద గూడు. పుంజు తెల్లారి మూడున్నరకే మొదలుపెడుతోంది, అపార్ట్‌మెంట్ వాళ్లు గ్రూపులో రోజూ మెసేజ్‌లు. మెడకి బెల్ట్ కడితే కూయదంట కదా, ఆన్‌లైన్‌లో చూశాను. కట్టొచ్చా?
(పాఠకుడు, మెహదీపట్నం)

జవాబు: కట్టొద్దు తమ్ముడూ. మెడ బిగిస్తేనే అది పనిచేసేది, కొంచెం వదులైతే కూస్తుంది, కొంచెం బిగువైతే మేత దిగక, ఎండలో రొప్పడానికి వీలుకాక పోతుంది. మన హైదరాబాద్ మే నెల ఎండలో డాబా మీద గొంతుకి బెల్ట్ కట్టిన పుంజు గురించి ఆలోచించు ఒకసారి.

వెలుతురు చూసి కూస్తుంది అనుకుంటాం గానీ అంతకుముందే దాని ఒంట్లో గడియారం లేపుతుంది. జపాన్‌లో నగోయా యూనివర్సిటీ వాళ్లు 2013లో ఇది తేల్చారు, పగలూ రాత్రీ ఒకేలా మసక వెలుతురులో ఉంచినా పుంజులు రోజూ దాదాపు అదే టైంకి కూశాయి. 2015లో ఇంకోటి చూశారు, మందలో పై వరసలో ఉన్న పుంజు ముందు కూస్తుంది, తర్వాత దాని కింది వరస ప్రకారం మిగతావి అందుకుంటాయి. అంటే నీకు ఇంకో రెండు పుంజులుంటే పెద్దదాన్ని నోరు మూయించినా రెండోది మొదలుపెడుతుంది. వీధి లైటు, పక్క బస్తీ పుంజు కూత, బైక్ హెడ్‌లైట్ పడితే ఎప్పుడైనా కూస్తుంది, అది వేరే.

ఆపడం కుదరదు, తగ్గించడం కుదురుతుంది. పుంజు కూయాలంటే మెడ పూర్తిగా పైకి సాచాలి. రాత్రి పడుకునేటప్పుడు దాన్నొక్కదాన్నే నిలబడితే తల పైకప్పుకి తగిలేంత ఎత్తున్న పెట్టెలో, వెలుతురు పడకుండా, గాలికి మాత్రం నాలుగు వైపులా చిల్లులు ఉండేటట్టు పెట్టు, చుట్టూ మందపాటి గోనెసంచులు వేలాడదీస్తే శబ్దం కొంత మింగుతాయి. ఏడింటికి బయటికి వదులు. ఎండాకాలం ఈ పద్ధతి వద్దు, ఉడికిపోతుంది. రెసిడెన్షియల్ ఏరియాలో రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లో ఉంది, వాళ్లు గట్టిగా పట్టుకుంటే నీకు మాటలుండవు. గుడ్ల కోసమే పెంచుతుంటే అసలు పుంజు ఎందుకు చెప్పు, పుంజు లేకపోయినా పెట్టలు గుడ్లు పెడతాయి. డాబా మీద కోళ్లకి నా సలహా ఎప్పుడూ ఒక్కటే, పెట్టల్ని ఉంచుకుని పుంజుని ఊళ్లో చుట్టాలకి పంపించేయ్.

ప్రశ్న: నా దగ్గర ఎనిమిది నెలల అసీల్ పుంజు ఉంది. తెలిసినాయన సంక్రాంతికి పందేనికి కావాలి, మంచి రేటిస్తా అంటున్నడు. మిగతా కోళ్లతో ఎలాగూ కలవట్లేదు, ఇచ్చేయమంటారా?
(పాఠకుడు, చాంద్రాయణగుట్ట)

జవాబు: ఇవ్వొద్దు భాయ్. జంతువుల్ని ఒకదాని మీదికి ఒకటి ఉసిగొల్పడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం, డబ్బు కాస్తే మన గేమింగ్ చట్టం అదనం. పట్టుబడ్డప్పుడు పుంజు ఎవరిది అన్న ప్రశ్న కూడా వస్తుంది.

మిగతా కోళ్లతో కలవట్లేదంటే దాని తప్పు లేదు, ఆ జాతే అంత. అసీల్ పిల్లలు కొన్ని వారాల వయసు నుంచే తన్నుకోవడం మొదలెడతాయి, మామూలు నాటు పుంజు ఓడితే తప్పుకుంటుంది, ఇది తప్పుకోదు, అందుకే వరస తేలే కొట్లాట అని వదిలేయడానికి లేదు. దీనికి ఇంకో పుంజు కనబడకుండా విడిగా జాగా ఉండాలి, జాలీ అవతల పుంజు కనబడినా జాలీకి కొట్టుకుని ముక్కు పగలగొట్టుకుంటుంది, అడుగు భాగం రేకుతోనో పలకతోనో మూసెయ్యండి. పెట్టలు మాత్రం అసీల్‌వే ఒక ఆరేడు దొరికితే జత చేయండి, గుడ్లు తక్కువే పెడతాయి గానీ పొదగడంలో, పిల్లల్ని కాపాడుకోవడంలో వాటిని మించినవి లేవు. పిల్లలకి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది, పందెం రేటు కన్నా నిలకడగా వస్తుంది.

ప్రశ్న: పుంజు ఉంటే గుడ్డులో పిల్ల ఉంటుందని మా అత్తగారు తినట్లేదు. మొన్న ఒక గుడ్డులో నిజంగానే ఎర్రటి గీతలు కనబడ్డాయి.
(పాఠకురాలు, ఉప్పల్)

జవాబు: పుంజు తొక్కిన గుడ్డయినా పెట్ట పొదిగితేనే పిల్ల, దానికి 21 రోజులు సమానంగా వేడి తగలాలి. కానీ మీ అత్తగారు పూర్తిగా తప్పేం కాదు. గది వేడి ఇరవై డిగ్రీలు దాటితే లోపల ఎదుగుదల మెల్లిగా మొదలయ్యే వీలుంది, మన ఎండాకాలంలో గుడ్డుని రెండు మూడు రోజులు గూట్లోనే వదిలేస్తే, పైగా పొదుగుకొచ్చిన పెట్ట దాని మీద కూర్చుంటే, ఆ ఎర్ర గీతలు కనబడతాయి. రోజుకి రెండుసార్లు గుడ్లు తీసి ఫ్రిజ్‌లో పెట్టండి, ఇంక రావు. పుంజుని తీసేసినా రెండు మూడు వారాల దాకా పెట్టలు పిల్ల గుడ్లే పెట్టొచ్చు, వీర్యం లోపల అన్నాళ్లు నిలవుంటుంది, అది కూడా ఆమెకి చెప్పండి.

ప్రశ్న: పుంజులు పొడుచుకోకుండా ముక్కు చివర కాల్చమని ఒకరు, విత్తులు తీయించమని ఇంకొకరు చెప్తున్నారు.
(పాఠకుడు, ఘట్‌కేసర్)

జవాబు: రెండూ వద్దు. ముక్కు కాల్చడం ఫారాల్లో వేల కోళ్లని ఇరుకు బోనుల్లో పెట్టేవాళ్ల పద్ధతి, పెరట్లో తిరిగే కోడికి ముక్కే చెయ్యి, అది లేకపోతే పురుగు పట్టలేదు, పేలు ఏరుకోలేదు. విత్తులు పుంజుకి కడుపు లోపల వీపుకి ఆనుకుని ఉంటాయి, కోడెలకి తీసినట్టు పైనుంచి తీసేవి కావు, పక్కటెముకల మధ్య కోసి చేసే ఆపరేషన్ అది, ఇంట్లో ఎవరైనా చేస్తానంటే దండం పెట్టి పంపించేయండి.

ప్రశ్న: కొట్లాట తర్వాత పుంజు తురాయి మీద నల్లటి పొక్కుల్లాంటివి వచ్చాయి, పసుపు రాస్తున్నాం, తగ్గట్లేదు. ఇప్పుడు కంటి దగ్గర కూడా ఒకటి వచ్చింది.
(పాఠకురాలు, వనస్థలిపురం)

జవాబు: పొడిచిన దెబ్బయితే గీతలాగా ఉంటుంది, రక్తం ఎండి రెండు మూడు రోజుల్లో పెచ్చు రాలుతుంది, కొత్త చోట పుట్టుకురాదు. మీరు చెప్పేదాన్ని బట్టి చూస్తే ఇది కోళ్ల మశూచి అయ్యుండొచ్చు, వానాకాలం దోమల వల్ల ఎక్కువగా వస్తుంది, తురాయి, గొంతు కింది తోలు, కనురెప్పల మీద నల్లటి బొడిపెలు లేస్తాయి. పెచ్చులు గోకి తీయకండి, అక్కడి నుంచే మిగతావాటికి అంటుకుంటుంది. దాన్ని ఇవాళే వేరు చేసి దోమతెర కట్టిన గూట్లో పెట్టండి, గూటి చుట్టూ నిలిచిన నీళ్లు పారబోయండి, పొక్కుల మీద అయోడిన్ ఆయింట్‌మెంట్ రాయండి. నోరు తెరిచి చూడండి, లోపల పసుపుపచ్చ పొర కనబడినా, మేత మింగలేకపోతున్నా, కన్ను మూసుకుపోయినా ఆగకుండా దవాఖానకి తీసుకెళ్లండి. మిగతా కోళ్లకి మశూచి టీకా, కొక్కెర తెగులు (రాణీఖేత్) టీకా పడ్డాయో లేదో అక్కడే అడిగి, పడకపోతే ఏది ఎప్పుడు వేయించాలో రాయించుకోండి.